చెక్కిన యక్షరము
(ప్రసంగ పాఠము)



లోకములో దృఢమైన మాటను శిలాశాసన మందురు. నిలువని మాటను నీటిమీది వ్రాత యందురు. ఈ రెండు నానుడుల నడుమ చెక్కడపుకళ యొక్క యర్థ మంతయు నిమిడియున్నది. వ్రాయుట యనగా నొక వస్తువుపై మరియొక దానిని చేర్చుట. చెక్కుట యనగా నున్నదానిలో కొంత తీసివేయుట. సిరాతో వ్రాసినది తుడిచివేయవచ్చును. ఉలి రాల్చిన రాతిపొడిని మరల నతికింప వీలుకాదు. కావుననే చెక్కువాడు ఉలి నెత్తుటకు ముందే యాలోచింపవలసియుండును.

తెలుగుదేశమున నీ కళ ప్రాచీనమైనది. కడప మండలమందలి కలమళ్ళలోని ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము క్రీ. శ. 575 ప్రాంతమునాటిది. ఇప్పటికి తెలిసిన తెలుగు శాసనములలో దీనిని మొదటిదిగా పండితులు గణించుచున్నారు.

రాతిపనికంటె రాగిరేకుపై పని సూక్ష్మతరము. దానశాసనములకై రేకులను సాగగొట్టి, అక్షరములు ఒరసికొని యరిగిపోకుండ తరచుగా అంచులను కొంచెము పైకెత్తెడివారు. మొదటి రేకునకును కడపటి రేకునకును వెలుపలి వైపున సాధారణముగా నేమియు చెక్కెడివారు కారు. రేకుల నన్నిటిని ఒక కడియమున గ్రుచ్చి, దాని కొనలను రాజముద్రలో బిగించెడివారు. తూర్పు చాళుక్యుల ముద్రలపై వరాహమును, ‘శ్రీ త్రిభువనాంకుశ’ యను బిరుదమును కానవచ్చును. ముద్ర చెదరనిదే రేకు మార్చుట సాధ్యము కాదు. తప్పు దొరలినచో ఆ చోటిని సుత్తితో సమముచేసి మరల చెక్కుటయు గలదు. కాని పాత యక్షరపు జాడ యొక్కొక్కచో నిలిచియే యుండును.

కార్యాలయములలో పనిచేయువారికి ఈ శాసనముల కూర్పు క్రొత్తగా తోచదు. దాత, గ్రహీత, పొలిమేరలు, ఆజ్ఞను నెరవేర్చు నధికారి, ఆజ్ఞ మీరినవారికి హెచ్చరిక, అన్నియు నందు క్రమముగా నుండును. 1053లో రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు నందంపూడి గ్రామము నొసగిన శాసనము నట్లే కూర్చినవాడు నన్నయభట్టు. దాని చివర కవి పేరితో పాటు లేఖకుడగు గండాచార్యుని పేరును గలదు. నన్నయ పేరు బడిపిల్లలు సైత మెరుగుదురు. గండాచార్యు నెరిగినవారు శాసన పండితులు మాత్రమే.

చెక్కడము వలన తెలుగుజాతికి దక్కిన మహానిధి తాళ్ళపాక వారి సంకీర్తనములు. అన్నమాచార్యుడు 1503లో పరమపదించెను. అతని కుమారుడు పెదతిరుమలాచార్యుని కాలమున ఆ పాటలు రాగిరేకుల కెక్కి, తిరుమల యాలయములోని చిన్న యరలో చేరినవి. ముప్పదిరెండు వేలని ప్రసిద్ధి చెందిన కీర్తనలలో నేడు లభించుచున్నవి పండ్రెండువేలకు పైబడినవి. ఇరువదవ శతాబ్దమున వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారు వానిని పరిష్కరించి లోకమున కందించిరి. అయితే ఆ రేకులపై పాటకు రాగము పేరు గలదు, స్వరము లేదు. ఉలి సాహిత్యమును కాపాడెను. స్వరమును కాపాడవలసిన గొంతులు నడుమ మూగవోయినవి. అనంతకృష్ణశర్మ పెక్కు కీర్తనలకు క్రొత్తగా స్వరములు కట్టవలసివచ్చెను.

చెక్కినది శాశ్వతమని తలచుట పొరపాటు. అమరావతి స్తూపపు శిల్పఫలకములు కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయినవి. చదువలేనివానికి శాసనము వట్టి బండ. తామ్రపత్రము తూకమునకు వచ్చు రాగి. చదువుకొన్నవాడును ఉపేక్షించినచో ఫలిత మొక్కటియే. శాసన పరిశోధకులు తడికాగితమును రాతిపై పరచి, కుంచెతో తట్టి, సిరా నద్ది ప్రతి దీయుదురు. రాతికి గాయము కాకుండ అక్షరమును తెచ్చుకొను మార్గమది. కాని ఆ రాయి యెక్కడ నున్నదో వారికి ముందు తెలియవలెను గదా!

దూరదేశమున నుద్యోగించు తెలుగువాడు సెలవుపై స్వగ్రామమునకు పోయినప్పుడు, గుడి గోడపై వెల్లసున్నము క్రింద నక్షరములు కనబడినచో ఒక్క నిమిషము నిలువవలెను. దానిని గీకరాదు, రంగు పూయరాదు. పురావస్తుశాఖకు ఒక కార్డు వ్రాసిన చాలును. ఎందరు గండాచార్యుల పనితన మా సున్నము క్రింద నున్నదో, ఆ కార్డు వలననే తెలియవచ్చును.