అక్షరం దారి తప్పకుండా

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను హామ్ రేడియో గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడుకోవలసిన సభలో ఈ రేడియో గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. తిరిగి తిరిగి నేను కూడా మీ బ్యాంకు పాస్‌బుక్కు దగ్గరికీ, మందుల చీటీ దగ్గరికీ వస్తాను. అందాకా ఓపిక పట్టవలసిందిగా మనవి.

హామ్ రేడియో అంటే, ప్రభుత్వ లైసెన్సు పొంది, సొంత వైర్‌లెస్ సెట్టుతో, ఎటువంటి లాభాపేక్ష లేకుండా ఇతర లైసెన్సుదారులతో మాట్లాడుకునే వ్యాసంగం. దీనినే అమెచ్యూర్ రేడియో అంటారు. పరీక్ష రాసి ఉత్తీర్ణులైతేనే కేంద్ర ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది. లైసెన్సుతోపాటు ఒక కాల్ సైన్ ఇస్తుంది. అది ప్రపంచంలో ఇంకొకరికి ఉండదు. మన దేశంలోని హామ్‌ల కాల్ సైన్లు మామూలుగా వి.యు. అనే అక్షరాలతో మొదలవుతాయి. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీగారు కూడా హామే. ఆయన కాల్ సైన్ వి.యు.2.ఆర్.జి. మన హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ విద్యలో ఎందరికో శిక్షణ ఇచ్చింది. నేను మాత్రం ముప్పై అయిదేళ్ళు గుమాస్తాగిరీ చేసి, పదవీ విరమణ అయ్యాక ఈ పరీక్ష రాశాను. పరీక్ష హాలులో అందరికంటె పెద్దవాణ్ణి నేనే.

అయితే ఇక్కడ ఒక తమాషా ఉన్నది. హామ్‌ల భాషలో మగవాడు ఎవరైనా సరే, అతన్ని 'ఓల్డ్ మ్యాన్' అంటారు. బడికి వెళ్ళే కుర్రవాడైనా ఓల్డ్ మ్యానే. లైసెన్సు ఉన్న స్త్రీ ఎనభై ఏళ్ళ ముత్తవ్వ అయినా 'యంగ్ లేడీ'యే. హోదాలు లేవు, సీనియారిటీ లిస్టు లేదు. కలెక్టరూ, కరెంటు మెకానిక్కూ ఒకే వరుసలో కూర్చుంటారు. మనలాంటి ఆఫీసుల్లో పనిచేసినవారికి ఇది అలవాటు కావడానికి కొంచెం సమయం పడుతుంది!

ఇక విషయానికి వస్తాను. సెట్టులో దూరపు గొంతు వచ్చేటప్పుడు దానితోపాటు గరగర, ఈల, వేరే మాటలు అన్నీ కలిసి వస్తాయి. అందులోంచి ఇంగ్లీషు అక్షరాలను విడదీయడం చాలా కష్టం. బి, సి, డి, ఇ, జి, పి, టి, వి — అన్నిటికీ చివర వినిపించేది 'ఈ' ఒక్కటే. మొదటి హల్లు గరగరలో పోతే అన్నీ ఒకటే. ఎమ్‌కీ ఎన్‌కీ, ఎఫ్‌కీ ఎస్‌కీ తేడా తెలియదు. అందుచేత ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క మాట నియమించారు. సగం మాట వినపడినా అక్షరం పోల్చుకోవచ్చు. మనకు ఇది కొత్తేమీ కాదు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని పలక పట్టుకున్న రోజునే నేర్చుకున్నాం. పసివాడికి అక్షరం గుర్తుండడానికి అది, పరాయివాడికి అక్షరం వినపడడానికి ఇది.

ఈ మాటల పట్టిక ఒక్కరోజులో తయారు కాలేదు. 1932 నాటి అంతర్జాతీయ పట్టికలో ఆమ్‌స్టర్‌డామ్, బాల్టిమోర్, కాసాబ్లాంకా అంటూ ఎక్కువగా ఊళ్ళ పేర్లు ఉండేవి. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటిష్ సైన్యాలు ఏబుల్, బేకర్, చార్లీ అని వాడాయి. అవి ఇంగ్లీషువాళ్ళకు బాగానే ఉన్నాయి గాని, ఫ్రెంచి, స్పానిష్ మాట్లాడేవారి నోట పలకలేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఈ సంగతి గమనించి, మాంట్రియల్ విశ్వవిద్యాలయంలోని జాన్ పాల్ వినే అనే భాషాశాస్త్రజ్ఞుని సహాయంతో, పలు భాషలవారికి పనికివచ్చే పట్టిక తయారు చేయించింది. 1951లో ఒక పట్టిక అమలుకు వచ్చింది. వాడి చూస్తే కొన్ని మాటలు పనికిరాలేదు. మళ్ళీ పరీక్షలు చేసి, సి, ఎమ్, ఎన్, యు, ఎక్స్ అనే అయిదు అక్షరాలకు మాటలు మార్చి, 1956 మార్చి 1 నుంచి అమలు చేశారు. ఇవాళ విమానాలలో, ఓడలలో, హామ్‌ల దగ్గర వాడేది అదే.

సభ్యులు కత్తిరించి టెలిఫోను పక్కన అంటించుకోవడానికి వీలుగా పట్టిక ఇస్తున్నాను:

ఎ – ఆల్ఫా, బి – బ్రావో, సి – చార్లీ, డి – డెల్టా, ఇ – ఎకో, ఎఫ్ – ఫాక్స్‌ట్రాట్, జి – గోల్ఫ్, హెచ్ – హోటల్, ఐ – ఇండియా, జె – జూలియట్, కె – కిలో, ఎల్ – లీమా, ఎమ్ – మైక్, ఎన్ – నవంబర్, ఓ – ఆస్కార్, పి – పాపా, క్యు – కెబెక్, ఆర్ – రోమియో, ఎస్ – సియెర్రా, టి – టాంగో, యు – యూనిఫామ్, వి – విక్టర్, డబ్ల్యు – విస్కీ, ఎక్స్ – ఎక్స్‌రే, వై – యాంకీ, జెడ్ – జూలూ.

'ఐ'కి మన ఇండియా పేరే పెట్టినందుకు మనం సంతోషించవచ్చు. ఈ లెక్కన రాజీవ్ గాంధీగారి కాల్ సైన్ 'విక్టర్ యూనిఫామ్ టూ రోమియో గోల్ఫ్' అవుతుంది. అంకెలకు కూడా పద్ధతి ఉన్నది. ఫైవ్, నైన్ ఒకదానికొకటి కలిసిపోతాయని ఫైవ్‌ను 'ఫైఫ్' అనీ, నైన్‌ను 'నైనర్' అనీ పలకమన్నారు.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటి చెప్తాను. ఈ పట్టికలో ఆల్ఫాను ఇంగ్లీషువాళ్ళు రాసేటట్టు పి, హెచ్ పెట్టి రాయలేదు, ఎఫ్ పెట్టి రాశారు. జూలియట్ చివర రెండు టి లు పెట్టారు, ఒక్కటే ఉంటే ఫ్రెంచివాళ్ళు దానిని పలకకుండా వదిలేస్తారని. అంటే పరాయివాడి నోటికి అనుకూలంగా తన స్పెల్లింగు తాను మార్చుకున్నారన్నమాట. నా దృష్టిలో మర్యాద అంటే అదే. 'నేను చెప్పాను, నీకు వినపడకపోతే నీ ఖర్మ' అనడం అమర్యాద. వినపడేటట్టు చెప్పవలసిన బరువు చెప్పేవాడిదే.

మరి వినేవాడికి బాధ్యత లేదా? ఉన్నది. విన్నది తిరిగి అప్పజెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిన రోజుల్లో నేను ఉద్యోగంలో కొత్తగా చేరినవాణ్ణి. సహాయ సామగ్రి ఏ ఊరికి ఎంత పంపాలో ట్రంకు కాల్‌లో చెప్పుకునేవారు. లైనులో హోరు తప్ప ఏమీ వినపడేది కాదు. మన జిల్లాలలో కొత్తపాలెం, కొత్తపేట, కొత్తగూడెం అనే పేర్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మా హెడ్ గుమాస్తాగారు ఊరి పేరు, పక్క ఊరి పేరు, బస్తాల సంఖ్య చెప్పి, 'ఏదీ, నేను చెప్పింది మళ్ళీ నాకు చెప్పు నాయనా' అనేవారు. అవతలివాడు తప్పు లేకుండా అప్పజెప్పేదాకా రిసీవరు పెట్టేవారు కాదు. ఆయనకు రేడియో గురించి ఏమీ తెలియదు. కాని ముప్పై ఏళ్ళ తర్వాత నేను హామ్ పాఠాలలో చదివింది ఆయన చేసిన పనే.

హామ్‌ల ఇతర మర్యాదలు కూడా వినదగ్గవే. సెట్టు పెట్టగానే మాట్లాడకూడదు. ముందు వినాలి. ఎవరూ లేరనిపించినా, 'ఈ ఫ్రీక్వెన్సీ ఎవరైనా వాడుతున్నారా?' అని అడగాలి. మాట ముగిశాక 'ఓవర్' అని వదలాలి. అవతలివాడు ముగించాక కూడా ఒక్క క్షణం ఆగాలి, మధ్యలో ఎవరికైనా అత్యవసరం ఉంటే పిలవడానికి. ఆపదలో ఉన్నవాడి పిలుపు వినపడితే అందరూ నోరు మూసుకుని దారి ఇవ్వాలి. అవసరమైనంత శక్తితోనే సెట్టు నడపాలి గాని, పక్కవాణ్ణి ముంచేసేంత జోరుగా కాదు. ఎవడైనా కావాలని అల్లరి పెడితే వాడికి బదులు చెప్పకూడదు. పట్టించుకోకపోతే వాడే పోతాడు. రహస్య భాషలో మాట్లాడకూడదు. వ్యాపారం మాట్లాడకూడదు.

ఒక్క క్షణం ఆగడం అంత ముఖ్యమా అని మీరు అడగవచ్చు. 1977 మార్చి 27న టెనెరిఫ్ ద్వీపంలో పొగమంచులో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించారు. దానికి కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి, కంట్రోల్ టవరు, రెండవ విమానం ఒకే క్షణంలో మాట్లాడడం. రెండు మాటలూ కలిసి ఈలగా మారి, మొదటి విమానానికి వినపడవలసిన ముఖ్యమైన మాట వినపడలేదు. రేడియోలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పోతుంది. మన సర్వసభ్య సమావేశాలలో కూడా అంతేనని నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక మర్యాద — నిజం చెప్పడం. హామ్‌లు కలుసుకోగానే ఒకరి సిగ్నలు ఎలా ఉందో ఇంకొకరు మార్కులు వేసి చెప్తారు. మాట స్పష్టతకు అయిదు, బలానికి తొమ్మిది గరిష్ఠం. మొహమాటానికి అందరికీ పూర్తి మార్కులు వేసేవాళ్ళు ఉంటారు. అది మర్యాద కాదు. సగమే వినపడితే సగమే వినపడిందని చెప్పాలి. అప్పుడే అవతలివాడు యాంటెన్నా సరిచేసుకుంటాడు.

ఈ క్రమశిక్షణ ఎప్పుడు అక్కరకు వస్తుందో ఒక ఉదాహరణ. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్‌గారు అనే మహిళా హామ్, ఎన్నో ఏళ్ళుగా హామ్ ప్రసారాలు లేని అండమాన్ దీవుల నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడడానికి బృందంతో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళారు. అది సరదా కోసం చేసిన ప్రయాణం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. మామూలు సమాచార సౌకర్యాలు దెబ్బతిన్నాయి. అప్పుడు ఆ సెట్లే దీవులకూ దేశానికీ మధ్య దారి అయినాయి. అక్కడివారి క్షేమ సమాచారాన్ని ఇక్కడి బంధువులకు చేరవేశారు. ఒక్కసారి ఆలోచించండి. బతికి ఉన్నవారి పేర్లు చెప్పేటప్పుడు ఒక ఇనీషియల్ బి బదులు డి అని వినపడితే, ఇక్కడ ఒక తల్లి గతి ఏమిటి? పట్టికలోని 26 మాటల విలువ అక్కడ తెలుస్తుంది.

ఇక మన ఇళ్ళకు వస్తాను. మనలో చాలామందికి వినికిడి తగ్గింది. తగ్గిందని ఒప్పుకోవడానికి సిగ్గు. కోడలు ఏదో అంటే 'సరే' అంటాం, డాక్టరుగారు ఏదో అంటే 'అలాగే' అంటాం. ఇన్సులిన్ ఫిఫ్టీన్ యూనిట్లా, ఫిఫ్టీ యూనిట్లా? రెండూ ఒకలాగే వినపడతాయి. రెంటికీ మధ్య ఉన్నది ప్రాణం. రేడియోలో అయితే 'వన్ ఫైవ్', 'ఫైవ్ జీరో' అని విడివిడిగా చెప్తాం. తెలుగులో ఇరవై, అరవై కూడా ఇంతే. అందుచేత నాదొక విన్నపం. డాక్టరు దగ్గర, మందుల షాపులో అంకెను విడివిడిగా తిరిగి చెప్పండి. 'ఒకటి, అయిదు – పదిహేనేనా అండీ?' అని అడగండి. ఏ డాక్టరూ కోప్పడడు. వినపడకపోతే వినపడలేదని చెప్పండి. అది సిగ్గుపడవలసిన విషయం కాదు, నిజమైన సిగ్నలు రిపోర్టు.

బ్యాంకు ఐ.ఎఫ్.ఎస్.సి. కోడును ఫోనులో కొడుకుకో కూతురికో చెప్పవలసివస్తే, మొదటి నాలుగు అక్షరాలను ఈ పట్టిక ప్రకారం చెప్పండి. అయిదవది సున్నా, 'ఓ' అక్షరం కాదు. ఆ సంగతి విడిగా చెప్పండి. పెన్షను కాగితం నంబరు రెండేసి అంకెలు కలిపి కాకుండా ఒక్కొక్కటిగా చెప్పండి. ఆల్ఫా, బ్రావో గుర్తు లేకపోతే బొంబాయి, ఢిల్లీ అనండి. అవతలివాడికి తెలిసిన మాటయితే చాలు. కాని జాగ్రత్త! ఎవరో తెలియనివాడు ఫోను చేసి ఓ.టి.పి. అడిగితే ఎంత మర్యాదగా అడిగినా చెప్పకండి. హామ్ అయితే ముందు తన కాల్ సైన్ చెప్తాడు, తర్వాతే మాట్లాడతాడు. తానెవరో చెప్పనివాడితో మనకు మాటే లేదు.

కుటుంబ సభ్యులకు కూడా ఒక మాట. పెద్దవారికి వినపడలేదంటే గట్టిగా అరవకండి. అరుపులో అక్షరం ఇంకా చెడుతుంది. ఎదురుగా నిలబడి, నిదానంగా, వేరే మాటతో చెప్పండి. మా పట్టిక చేసే పని అదే.

పాతకాలపు తంతి గుమాస్తాలు సంభాషణ ముగించేటప్పుడు 73 అని కొట్టేవారు. శుభాకాంక్షలు అని దాని అర్థం. మన దేశంలో టెలిగ్రామ్ 2013 జూలైలో ఆగిపోయింది గాని, హామ్‌లు ఇవాళ్టికీ 73 చెప్పే సెలవు తీసుకుంటారు. నా మాటలను ఓపికగా విన్న మీ అందరికీ ఆరోగ్యం, వేళకు పెన్షను, ఇంట్లో మీ మాట వినేవారు ఉండాలని కోరుకుంటూ, 73. ఓవర్!