రాని ప్రళయములు - నిండిన గాదెలు



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభవేళ ప్రళయమును గూర్చి మాట్లాడుట అపశకునమని తలంపకుడు. నేను చెప్పబోవునవి రాని ప్రళయములు.

1962 ఫిబ్రవరి 3 మొదలు 5 వరకు మకరరాశియందు అష్టగ్రహ కూటమి ఏర్పడినది. సూర్యచంద్రులు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, వీరితో కేతువు. లోకము అంతమగునని దేశమంతట గుబులు పుట్టినది. యజ్ఞములు జరిగినవి, నెయ్యి ధారలు కట్టినది. ఆ ఏటి పేరు ప్లవ. ప్లవమనగా తెప్ప. తెప్పమీద కూర్చున్నవారికి మునిగెదమను భయమెందుకో నాకు బోధపడదు! గ్రహములు ఎవరి దారిన వారు పోయినారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన మన సాగరు పని మాత్రము సాగుచునే యుండినది. 1967లో కాలువలకు నీరు వదలినారు. లోకాంతమును నమ్మి తాపీ క్రింద పెట్టియుండినచో పల్నాటి మెట్టకు ఆ నీరెక్కడిది?

1979లో అమెరికావారి స్కైలాబు నెత్తిన పడునన్నారు. ఎటులను పోవువారమే గదా యని మన తెలుగు పల్లెలలో కొందరు కోళ్లను, మేకలను కోసుకొని తినివేసినారు. జూలై 11న అది ముక్కలై హిందూ మహాసముద్రములోను, పడమటి ఆస్ట్రేలియాలోను పడినది. ఇక్కడ పోయినవి కోళ్లు మాత్రమే.

ఇక దాచువారి సంగతి. 2016 నవంబరులో ఉప్పు కరవను వదంతి ఉత్తరాదిన పుట్టి హైదరాబాదు వరకు వచ్చినది. చినగంజాములో ఉప్పుమళ్లు ఉండగా మనకు ఉప్పు కరవట! 2023 జూలై 20న బియ్యపు ఎగుమతిని నిషేధించగానే అమెరికాలోని మనవారు అంగళ్లముందు బారులు తీరినారు. మనిషికి ఒక్క సంచియే యని కొందరు వర్తకులు కట్టడి చేసినారు. ఎక్కువ సంచులు దొరికినవారికి తోడుగా ముక్కపురుగులు కూడ దొరికియుండును.

మన పెద్దలు దాచలేదా? దాచినారు. పాతర త్రవ్వి, అడుగునను చుట్టును గడ్డి పరచి, జొన్నలు పోసి, మట్టి కప్పినారు. పాతర తీసిన వెంటనే దిగరాదు; లోపలి గాలి ప్రాణము తీయును. కొంతసేపు తెరచియుంచి, దీపము దింపి, అది ఆరకున్ననే దిగవలెను. అంత జాగ్రత్త! అయితే అది తమ పొలమున పండిన గింజ. వాన లేని ఏటికై దాచినది. వాన లేని ఏడు పల్నాటికి వదంతి కాదు గదా! వదంతి విని అంగడి ఊడ్చుకొని వచ్చినచో, సాయంకాలము కూలిడబ్బులతో పావుకిలో కొనవచ్చినవాడు వట్టి చేతులతో పోవును. అతనికి మాత్రము కరవు ఆనాడే వచ్చినట్లు.

నిజమైన జోస్యమొకటి మన ముంగిటనే జరిగినది. నాగార్జునకొండ లోయ మునుగునని ఇంజనీర్లు లెక్కగట్టి ముందే చెప్పినారు. 1954 మొదలు 1960 వరకు పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపినారు. కొన్ని కట్టడములను కొండమీదను, కొన్నిటిని అనుపులోను మరల నిలిపినారు. లోయలోని పల్లెలవారు ఇండ్లు, పొలములు విడిచిపోయినారు. వారికొరకు దేశమంతట యజ్ఞములు జరుగలేదు. మన రేవున లాంచీ ఎక్కి కొండకు పోవునప్పుడు క్రింద నున్నది ఆ లోయయే.