‘తెలియదు’ అని చెప్పడం కూడా చదువే
(ఆలూరులో జరిగిన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఇంగ్లీషు చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. మేము ఉర్దూ మీడియం బడి పంతుళ్లం. మనకు ఇంట్లో దక్కనీ మాట, బజారులో తెలుగు, బళ్లో కితాబు ఉర్దూ, బళ్లారి దిక్కు పోతే కన్నడం. ఇన్ని భాషల నడుమ ఇంగ్లీషు మాకు వచ్చింది కొంచెమే. అందుకని మాకు బాగా అనుభవమున్న విషయం ఒకటి ఎంచుకున్నాం. ఇంగ్లీషులో “నాకు తెలియదు” అని ఎట్లా చెప్పాలి, అసలు ఎందుకు చెప్పాలి అనేదే ఆ విషయం. ఇంత చిన్న మాటకు ఉపన్యాసమా అని మీరు నవ్వవచ్చు. ఒక సంగతి జరిగేదాకా మేమూ అట్లాగే అనుకున్నాం.

మా దగ్గర చదివి పదో తరగతి పాసైన పిల్లవాడు ఒకడున్నాడు. పేరు చెప్పం. కొన్నేళ్ల కిందట వాళ్ల అమ్మకు జబ్బు చేస్తే పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకుపోయినారు. తండ్రికి చదువు లేదు. “మావాడికి ఇంగ్లీషు వచ్చు” అని కొడుకును ముందు నిలబెట్టినాడు. అక్కడ కాగితం నింపే ఆమెకు తెలుగూ రాదు, ఉర్దూ రాదు. “ఈజ్ షి అలర్జిక్ టు ఎనీ మెడిసిన్?” అని అడిగింది. పిల్లవాడికి మెడిసిన్ అంటే తెలుసు, ఎనీ అంటే తెలుసు. అలర్జిక్ అంటే తెలియదు. వెనుక పదిమంది వరుసలో నిలబడి ఉన్నారు. పక్కన తండ్రి గర్వంగా వాని మొహమే చూస్తున్నాడు. వాడు “నో మేడమ్” అన్నాడు. ఆమె అదే రాసుకుంది.

ఆ తల్లికి ఒక రకం సూదిమందు పడదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పిల్లవాడికి కూడా తెలుసు! తనకు తెలిసిన సంగతినే ఆమె అడుగుతున్నదని మాత్రం వానికి తెలియలేదు. సూది వేసిన కాసేపటికి ఆ తల్లికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, మొహం వాచి, ఊపిరి ఆడక పోయింది. డాక్టర్లు పరిగెత్తుకొచ్చి చూసుకున్నారు. అల్లాహ్ దయవల్ల బతికి బయటపడింది. ఊరికి వచ్చినాక వాడు మా దగ్గర కూర్చుని ఏడ్చినాడు. “సార్, ఐ డోంట్ నో అనే మాట నోటిదాకా వచ్చింది. అబ్బా పక్కనే ఉన్నాడు. సిగ్గయింది సార్” అన్నాడు.

ఆ సిగ్గు వానికి ఎవరు నేర్పినారు? ఆలోచిస్తే మేమే నేర్పినాం. మా తరగతిలో “తెల్దు సార్” అన్నవాడు బెంచీ ఎక్కాలి. నోటికొచ్చింది ఏదో ఒకటి చెప్పినవాడు కూర్చోవచ్చు. పదేళ్లు ఈ పద్ధతిలో చదివినవాడు పెద్ద ఊరిలో, కొత్త మనుషుల ముందు, తెలియదు అని ఎట్లా అంటాడు?

ఇంకొక తప్పు కూడా ఈ సభ ముందు ఒప్పుకుంటాం. ఒకసారి పాఠంలో ‘హీ హార్డ్లీ వర్క్స్’ అనే వాక్యం వచ్చింది. ఒక పిల్ల లేచి దాని అర్థం అడిగింది. మాకు ఆ క్షణాన ఖాయంగా తెలియదు. హార్డ్ అంటే కష్టం కదా అని, “అతడు కష్టపడి పనిచేస్తాడు” అని చెప్పేసినాం. ఇంటికి పోయి నిఘంటువు తీస్తే, హార్డ్లీ అంటే దాదాపు లేనట్టే అని ఉంది. అంటే అతడు పనే చెయ్యడు! మేము సోమరిపోతును కష్టజీవిని చేసినాం. మర్నాడు తరగతిలో నిలబడి, “నిన్న మేము చెప్పింది తప్పు, తెలియక చెప్పినాం” అన్నాం. పిల్లలు నవ్వుతారని భయపడినాం. ఎవరూ నవ్వలేదు. ఆ రోజునుంచి వాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం రెట్టింపైనాయి.

మన దీన్‌లో ఈ విషయం ఎంత గట్టిగా చెప్పబడిందో మౌల్వీ సాబ్ గారికి మాకంటే బాగా తెలుసు. తప్పుంటే దిద్దగలరు. అబూ దావూద్ హదీసు సంపుటంలో ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో ఒక మనిషి తలకు రాయి తగిలి గాయమైంది. తరువాత అతనికి గుస్ల్ చేయవలసి వచ్చింది. నీళ్లు వాడకుండా తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని తోటివారిని అడిగినాడు. వారికి సరిగా తెలియదు. అయినా, నీళ్లున్నాయి గనుక వీలులేదని చెప్పేసినారు. అతడు స్నానం చేసి చనిపోయినాడు. ఈ సంగతి విని ప్రవక్త వారు (స) ఎంతో బాధపడి, తెలియనప్పుడు అడగవలసింది కదా అని, తెలియనితనానికి మందు అడగడమేనని బోధించారు. మా పిల్లవాని సంగతి జరిగినాక ఈ హదీసు మాకు కొత్తగా వినబడింది.

మదీనాలో ఇమామ్ మాలిక్ గారిని ఒకసారి 48 ప్రశ్నలు అడిగితే, అందులో 32 ప్రశ్నలకు ‘లా అద్రీ’, అంటే నాకు తెలియదు అన్నారని పెద్దలు రాసి పెట్టినారు. అంతటి ఆలిమ్‌కు లేని సిగ్గు మన పిల్లలకెందుకు?

ఇక ఇంగ్లీషు సంగతికి వద్దాం. పిల్లలు ఇక్కడ కొంచెం చెవి పెట్టాలి.

తెలుగులో “నాకు తెలియదు” అంటాం. కితాబు ఉర్దూలో “ముఝే మాలూమ్ నహీఁ” అంటాం. ఇంట్లో “మేరెకు మాలూం నై” అంటాం. మూడింటిలోనూ ‘నాకు’ అనే ఉంది. ఇంగ్లీషులో ఆ ‘కు’ ఉండదు. అక్కడ ‘నేను’ అని మొదలు పెట్టాలి. అందుకే పిల్లలు “మి నాట్ నో” అనో “ఐ యామ్ నాట్ నోయింగ్” అనో తడబడతారు. సరైన మాట “ఐ డోంట్ నో.” నో, అండర్‌స్టాండ్, రిమెంబర్ లాంటి క్రియలకు మామూలుగా ‘ఇంగ్’ తగిలించరు. రాసేటప్పుడు ఇంకొక చిక్కుంది. లేదు అనే నో, తెలుసు అనే నో, చెవికి రెండూ ఒకటే. తెలుసు అనే నో ముందర ‘కే’ అక్షరం రాస్తాం, పలకం.

అట్లాగే “నాకు ఇంగ్లీషు రాదు” అన్నప్పుడు తెలుగులో భాష మన దగ్గరికి ‘వస్తుంది’. ఉర్దూలోనూ ‘ఆతీ నహీఁ’ అంటాం. ఇంగ్లీషువాని దగ్గర భాష రాదు, పోదు. “ఇంగ్లీష్ ఈజ్ నాట్ కమింగ్” అంటే ఇంగ్లీషు అనే మనిషెవరో రావడం లేదనుకుంటాడు. “ఐ డోంట్ నో ఇంగ్లీష్” అనో, “ఐ కాంట్ స్పీక్ ఇంగ్లీష్ వెల్” అనో అనాలి. పని చేతకాకపోతే “ఐ డోంట్ నో హౌ టు డూ ఇట్” అనాలి. కార్ఖానాలో యంత్రం ముందు నిలబడ్డ మన పిల్లలకు ఈ వాక్యం చేతివేళ్లు కాపాడుతుంది.

తెలియకపోవడంలో రకాలున్నాయి. ఏది తెలియలేదో చెప్పగలిగితే ఎదుటివాడు సాయం చేయగలడు. మాట వినబడకపోతే “పార్డన్?” అని గాని, “సారీ, ఐ కుడంట్ హియర్ యూ” అని గాని అనాలి. వినబడినా అర్థం కాకపోతే “ఐ డోంట్ అండర్‌స్టాండ్, ప్లీజ్ సే ఇట్ స్లోలీ.” ఒక్క మాట దగ్గరే ఆగిపోతే “వాట్ డజ్ దట్ వర్డ్ మీన్?” ఒకప్పుడు తెలిసి ఇప్పుడు మరిచిపోతే “ఐ డోంట్ రిమెంబర్.” కొంచెం తెలిసి, ఖాయంగా చెప్పలేకపోతే “ఐ యామ్ నాట్ షూర్.” ఆ ఆసుపత్రిలో మా పిల్లవాడు “వాట్ డజ్ అలర్జిక్ మీన్?” అని ఉంటే చాలు. నాలుగే మాటలు.

కాలం భేదం కూడా ఉంది. “మీరు వచ్చారని నాకు తెలియదు” అని తెలుగులో అంటాం. వచ్చినారని ఇప్పుడు తెలిసింది, ఇంతకుముందు తెలియదు అని దాని అర్థం. దీనికి ఇంగ్లీషులో “ఐ డిడంట్ నో” అనాలి. “ఐ డోంట్ నో” అంటే ఇప్పటికీ తెలియదని. “ఐ డిడంట్ న్యూ” అనేది ఎప్పుడూ తప్పే.

అన్నిటికంటే పెద్ద గుంత ఇంకొకటి. “డోంట్ యూ నో?” అని అడిగితే మన పిల్లవాడు “యస్ సార్” అంటాడు. “అవును సార్, తెలియదు” అని వాని భావం. అడిగినవాడేమో తెలుసు అన్నాడనుకుంటాడు! ఇంగ్లీషులో తెలియకపోతే, ప్రశ్న ఎట్లా అడిగినా, “నో, ఐ డోంట్” అనే చెప్పాలి.

ఇక మర్యాద. ఒట్టి “డోంట్ నో” అని పెదవి విరిస్తే మొహం మీద తలుపు వేసినట్టు ఉంటుంది. “హౌ షుడ్ ఐ నో?” అంటే తగాదాకు పోయినట్టే. మన భాషలో “నాకేం తెలుసు!” అని విసురుగా అన్నట్టు. “నో ఐడియా” స్నేహితుల మధ్య సరిపోతుంది. పెద్దల ముందు “ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ డోంట్ నో” అంటే అందం. ఇక్కడ అఫ్రెయిడ్ అంటే భయం కాదు, మన్నించాలి అన్నట్టు. దాని వెనుక “ఐ విల్ ఫైండ్ అవుట్”, కనుక్కుని చెబుతాను అని చేరిస్తే ఇంకా మంచిది.

ఇది మన పిల్లలకే వచ్చిన కష్టం అనుకోవద్దు. మన కడప సంగతి వినండి. సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర 1817లో మద్రాసుకు వచ్చి తెలుగు మొదలు పెట్టినాడు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చినాడు. అధికారం చేతిలో ఉంది. నాకు తెలియదు అనకుండానే కాలం గడపవచ్చు. ఆయన కడపలో బంగళా కొని, పండితులకు సొంత డబ్బు జీతంగా ఇచ్చి, అడిగి అడిగి నేర్చుకున్నాడు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించినాడు. 1852 మొదలుకొని నిఘంటువులు వెలువరించినాడు. వకీలు, జామీను, ఫిర్యాదు లాంటి మన మాటలు కచేరీ తెలుగులో ఎన్నో కలిసి ఉండేవి. అట్లాంటి మాటల కోసం 1854లో వేరే మిశ్రభాషా నిఘంటువే వేసినాడు. ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు గ్రంథాలయం ఉంది. పిల్లలను ఒకసారి తీసుకుపోయి చూపించండి. పాలించే దొర మన భాష ముందు శిష్యుడైనాడు. మన పిల్లవాడు ఆయన భాష ముందు తెలియదు అంటే తక్కువైపోతాడా?

పరీక్షలు కూడా ఇదే నేర్పుతున్నాయి. డాక్టరు చదువుకు పెట్టే నీట్ పరీక్షలో సరైన జవాబుకు 4 మార్కులు ఇస్తారు. తప్పు జవాబుకు 1 మార్కు కోస్తారు. వదిలేస్తే కోత లేదు. తెలియదని ఊరకున్నవాడికి సున్నా. తెలియకుండా గీకి తప్పినవాడికి సున్నా కంటే తక్కువ.

చివరగా మూడు మనవులు. మొదటిది మాకు మేమే చెప్పుకునేది: “తెలియదు” అన్న పిల్లవాణ్ణి ఇకమీద మా తరగతిలో బెంచీ ఎక్కించం. ఆ మాట ఇంగ్లీషులో సరిగా చెబితే శభాష్ అంటాం. అయితే “ఐ డోంట్ నో” అని చెప్పి సోమరిగా కూర్చోనివ్వం. మర్నాడు కనుక్కుని రావాలి. రెండోది తల్లిదండ్రులకు: నలుగురిలో పిల్లవాణ్ణి నిలబెట్టి “మావాడికి అంతా వచ్చు” అనకండి. ఆ మాట బరువు మోయలేక వాడు అబద్ధం ఆడతాడు. ఆసుపత్రికి పోయేటప్పుడు పడని మందుల పేర్లు చీటీ మీద రాయించి జేబులో పెట్టుకోండి. మూడోది సంఘం పెద్దలకు: మస్జిద్ పక్క గదిలో ఒక మంచి ఉర్దూ – ఇంగ్లీషు నిఘంటువు, ఒక తెలుగు – ఇంగ్లీషు నిఘంటువు ఉంచండి. అసర్ నమాజ్ తర్వాత ఒక గంట, ఎవరు ఏ కాగితం తెచ్చినా చదివి చెప్పేటట్టు చదువుకున్న మన యువకులను కూర్చోబెట్టండి. మేము కూడా వంతు వేసుకుని వస్తాం. మాకూ తెలియనిది వస్తే తెలియదనే చెబుతాం, కనుక్కుని చెబుతాం.

ఆ పిల్లవాని తల్లి ఇప్పుడు కులాసాగా ఉంది. వాడు బెంగళూరులో పని చేసుకుంటున్నాడు. పోయిన రంజాన్‌కు వచ్చినప్పుడు, “సార్, ఇప్పుడు రోజుకు పదిసార్లు ఐ డోంట్ నో అంటున్నా, పని బాగా నేర్చుకున్నా” అని నవ్వినాడు. మాకు అంతకంటే పెద్ద సన్మానం లేదు.

మా మాటల్లో తప్పులుంటే మన్నించండి. అల్లాహ్ మన పిల్లలకు లాభం చేకూర్చే ఇల్మ్‌ను, తెలియనిది అడిగే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.