క్రియయు విభక్తియు: ఇంగ్లీషు నేర్చు మన బిడ్డలు
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



మేము ఈ పాఠశాలలో ఇంగ్లీషు బోధించు ఉపాధ్యాయులము. తెలుగువారి బడి పండుగలో ఇంగ్లీషు వ్యాకరణమును గూర్చి మాటలాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని ప్రతి సంవత్సరము బడి తెఱచిన నెలలో తల్లిదండ్రులు కొందఱు మాయొద్దకు వచ్చి, "అయ్యా, మా అబ్బాయి ఇంగ్లీషున తప్పులు వ్రాయుచున్నాడు. ఇంట తెలుగు మాటలాడుట మానుకొందుమా?" అని అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు నేడు అందఱి యెదుట సమాధానము చెప్పదలచితిమి.

మొదట ఒక సత్యమును ఒప్పుకొందము. ఆ తప్పులలో కొన్ని తెలుగునుండియే వచ్చుచున్నవి. మన బాలుడు "హి టోల్డ్ విత్ మి" అని వ్రాయును. "నాతో చెప్పెను" అను తెలుగు వాక్యమే దానికి మూలము. తెలుగున ఆ 'తో' చక్కగా అమరును. ఇంగ్లీషున 'టెల్' అను క్రియకును, వినువానికిని నడుమ ఏ ప్రిపొజిషనుకును చోటు లేదు. "హి టోల్డ్ మి" అనవలెను. దానికి తోబుట్టువువంటి 'సే' అను క్రియ మాత్రము 'టు' తోడు లేనిదే మనుష్యుని చేరదు. "హి సెడ్ టు మి" అనవలెను. అర్థములు దగ్గఱివే, నడకలు వేఱు.

ఈ భేదమెక్కడ పుట్టుచున్నది? తెలుగున విభక్తి నామమునకు వెనుక చేరును. "రాముడు కృష్ణుని చూచెను" అన్నను, "కృష్ణుని రాముడు చూచెను" అన్నను చూచినవాడు రాముడే. 'ని' అను చిన్న ప్రత్యయము అర్థమునకు కాపలా కాయుచున్నది. ఇంగ్లీషు నామమునకు కర్మను తెలుపు ప్రత్యయము లేదు. పదముల వరుసయే అర్థమును నిర్ణయించును; వరుస తాఱుమాఱైనచో చూచినవాడు కృష్ణుడగును. పూర్వకాలపు విభక్తుల ఆనవాళ్లు ముఖ్యముగా సర్వనామములయందు నిలిచియున్నవి. కర్తగా నున్న 'ఐ', 'హి', 'దే' అనునవి కర్మగా వచ్చినపుడు 'మి', 'హిమ్', 'దెమ్' అని మాఱును.

మఱియొక భేదము కలదు. తెలుగు క్రియ తన కర్తను తనలోనే మోయును. "నిన్న వచ్చితిని" అన్నచాలును, వచ్చినది నేనేయని తెలియును. "కేమ్" అన్నచో ఎవరు వచ్చిరో తెలియదు. కావున 'ఐ' అని ముందు చెప్పకతప్పదు. "యెస్టర్డే కేమ్" అని వ్రాసిన బాలిక సోమరి కాదు. తనకు తెలిసిన పద్ధతినే పాటించినది.

ఇక ఏ క్రియ ఏ ప్రిపొజిషనును కోరునన్నదే అన్నిటికంటె కష్టము. "నాకొరకు వేచియుండుము" అనుటకు "వెయిట్ ఫర్ మి" అందుము. ఇచ్చట 'కొరకు'నకు 'ఫర్' సరిపడినది. "నన్ను చూడుము" అనుటకు "లుక్ ఎట్ మి" అనవలెను. తెలుగున లేని 'ఎట్' వచ్చినది. "ఈ సంగతిని గూర్చి చర్చించితిమి" అనునపుడు తెలుగున 'గూర్చి' కలదు. ఇంగ్లీషున 'డిస్కస్' తరువాత 'ఎబౌట్' రాకూడదు. "నాకు పుస్తకము నిమ్ము" అనుటకు "గివ్ మి ది బుక్" అనియు, "గివ్ ది బుక్ టు మి" అనియు రెండు విధముల చెప్పవచ్చును. "నాకు పాఠము వివరింపుము" అనుటకు మాత్రము "ఎక్స్‌ప్లెయిన్ ది లెసన్ టు మి" అనుటయే సరి. "ఎక్స్‌ప్లెయిన్ మి" అనుట తప్పు.

చిన్న మాటలు సర్వనామమునకు ఎచ్చట చోటిచ్చునో అదియును చూడవలెను. "పిక్ అప్ ది పెన్సిల్", "పిక్ ది పెన్సిల్ అప్" అని రెండును చెల్లును. పెన్సిలునకు మాఱుగా 'ఇట్' వచ్చినచో "పిక్ ఇట్ అప్" అనియే అనవలెను. కాని "లుక్ ఎట్ ఇట్" అన్నపుడు 'ఇట్' నడుమకు రాదు. ఏలయన, 'అప్' క్రియకు చెందినది. 'ఎట్' తన తరువాతి పదమునకు చెందినది.

పూర్వము మేము ఇట్టి తప్పులను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి ఊరకుంటిమి. కారణము చెప్పలేదు. బిడ్డలు మరునాడు అవే తప్పులు మరల వ్రాసిరి. అది మా లోపమే. ఇప్పుడు మొదట వాక్యమును తెలుగున చెప్పించి, విభక్తిని గుర్తింపజేసి, పిదప ఇంగ్లీషు నడకను చూపుచున్నాము. 'తో', 'కొరకు' అనువాని పని తెలిసిన బిడ్డ భేదమును వెంటనే పట్టుకొనుచున్నాడు. తెలుగు సగము మఱచిన బిడ్డకు పోల్చి చూచుకొనుటకు ఏమియు లేదు, బట్టీపట్టుటయే గతియగుచున్నది.

తెలుగు మానినంత మాత్రమున ఈ చిక్కు తీరదు. మన వీధిలో వినబడు తమిళముకూడ విభక్తిని నామమునకు వెనుకనే నిలుపును. దాని క్రియయు కర్తను తనలోనే మోయును. ఇంట తెలుగు పోయినను చిక్కు మిగులును. పోవునది దానిని విప్పుకొను సాధనము మాత్రమే.

ఈ చెన్ననగర చరిత్రయే మనకు సాక్ష్యము. 1816లో కాంప్‌బెల్ దొరయు, 1840లో బ్రౌను దొరయు ఇచ్చటనే తెలుగు వ్యాకరణములను ఇంగ్లీషున ప్రకటించిరి. తెలుగు నేర్వవచ్చిన దొరలు తమ భాషను విడువలేదు. దానినే మెట్టుగా చేసికొనిరి. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమున కారకములకు ఒక పరిచ్ఛేదమే కలదు. క్రియకును నామమునకును గల సంబంధమును మన పెద్దలు ఇచ్చటనే శ్రద్ధగా విచారించిరి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. బిడ్డకొక చిన్న పుస్తకము కుట్టి యిండు. ఒక ప్రక్క ఇంగ్లీషు క్రియను ఒంటరిగాగాక సర్వనామముతో గూడ వ్రాయవలెను. 'లుక్' అనిగాక 'లుక్ ఎట్ హిమ్' అని వ్రాయవలెను. రెండవ ప్రక్క తెలుగు వాక్యము వ్రాసి, విభక్తి క్రింద గీత గీయవలెను. రాత్రి భోజనమైన పిదప వానిని పైకి చదివింపుడు. ఇంగ్లీషు రాని తల్లియైనను తెలుగు ప్రక్కను సరిచూడగలదు. ఆమె చెప్పు "నాకొరకు", "నాతో", "నాపై" అనునవియే బిడ్డకు తొలి వ్యాకరణ పాఠములు.

కావున ఆ ప్రశ్నకు మా సమాధానమిది: ఇంట తెలుగు మానవలదు, మఱింత చక్కగా మాటలాడుడు. ఇంగ్లీషు భారము మేము వహింతుము.