మనసు గాయం



మన దేశానికి ఉత్తరాన నేపాల్ ఉంది. ఆ దేశంలో ఎక్కువ భాగం కొండలే. ఎదురుగా కనబడే ఊరికి పోవాలన్నా లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాలి. పూట పడుతుంది.

2015 ఏప్రిల్ 25, శనివారం. పన్నెండు కావస్తోంది. కొందరు పొలంలో ఉన్నారు. కొందరు వంట దగ్గర ఉన్నారు. భూమి కదిలింది. రాయి, మట్టితో కట్టిన ఇళ్ళు కూలిపోయాయి. అక్కడ శనివారం బడికి సెలవు. అందువల్ల ఎంతోమంది పిల్లలు బతికిపోయారు. లాంగ్‌టాంగ్ అనే లోయలో మాత్రం ఊరు ఊరంతా మంచు, రాళ్ళ కింద పడిపోయింది. మే 12న మళ్ళీ పెద్దగా కదిలింది. దాదాపు 9 వేల మంది చనిపోయారు. సుమారు 22 వేల మందికి దెబ్బలు తగిలాయి. ఇంచుమించు 5 లక్షల ఇళ్ళు నేలమట్టం అయ్యాయి.

హెలికాప్టర్లు వచ్చాయి. బియ్యం వచ్చింది, టార్పాలిన్లు వచ్చాయి. విరిగిన చేతులకు, కాళ్ళకు కట్లు కట్టారు. అయితే కంటికి కనబడని దెబ్బ ఇంకొకటి ఉంది. అది మనసుకు తగిలింది.

ఒక తల్లి సంగతి అనుకోండి. ఇల్లు కూలింది. చిన్నబిడ్డ పోయింది. పెనిమిటి ఖతార్‌లోనో, మలేషియాలోనో కూలిపనిలో ఉన్నాడు. ఆ కొండ ఊళ్ళ నుంచి మగవాళ్ళు చాలామంది అలాగే పోయారు. మన కరీంనగర్, నిజామాబాద్, కడప పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినట్టే. బిడ్డను సాగనంపడం, మేకలను చూడడం, రేకుల పాక వేయడం అంతా ఆమె మీదే పడింది. నెలలు గడిచినా రాత్రి నిద్ర పట్టదు. ఉరుము ఉరిమితే గుండె దడదడ కొట్టుకుంటుంది. కప్పు కింద పడుకోవాలంటే భయం. పొయ్యి ముందు కూర్చుని అలాగే ఉండిపోతుంది. అన్నం మాడిన వాసన కూడా తెలియదు.

ఆమెకు వైద్యం ఎక్కడ? అప్పటికి మానసిక రోగుల కోసమే ప్రభుత్వం నడిపే ఆసుపత్రి దేశం మొత్తానికి ఒక్కటే. అదీ రాజధాని పక్కన పాటన్‌లో ఉంది. కొండ దిగి, బస్సు పట్టుకుని పోవాలి. ఇంటి దగ్గర మేకలను ఎవరు చూస్తారు? పోనీ, ఎలాగో పోయినా "ఈమెకు పిచ్చి పట్టింది" అని ఊరు అంటుంది.

ఇక్కడ మాట చాలా ముఖ్యం. నేపాలీ భాషలో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి "మన్". అంటే మన మనసే. రెండోది "దిమాగ్". మన తెలంగాణలో కూడా కోపం వస్తే "దిమాక్ ఖరాబైందా?" అంటారు కదా, అదే మాట. దిమాగ్ చెడింది అంటే అక్కడ పరువు పోయినట్టే. పెళ్ళి సంబంధాలు కూడా రావు. కానీ మనసుకు గాయమైంది అంటే ఎవరూ నవ్వరు. మనసు అందరికీ ఉంటుంది, గాయం ఎవరికైనా తగులుతుంది. అందుకే "నీ దిమాగ్ ఎలా ఉంది?" అని అడిగితే తలుపు మూసుకుంటారు. "నీ మనసులో ఏముంది?" అని అడిగితే కూర్చోమంటారు.

ఇంకో నమ్మకం కూడా ఉంది. బాగా భయపడితే ప్రాణంలో ఒక భాగం ఒంట్లోంచి పోతుందని అక్కడివాళ్ళు అంటారు. మనమూ "పై ప్రాణాలు పైనే పోయాయి" అంటాం. పిల్లలకు దడుపు జ్వరం వస్తే తాయెత్తు కడతాం. అక్కడ ఝాంక్రీ అనే ఆయన డోలు కొట్టి, పోయిన ప్రాణాన్ని పిలుస్తాడు. అతని దగ్గరకు పోయిందని ఆమెను తిట్టకూడదు. తిడితే రెండోసారి నోరు విప్పదు. మందు కావలసి వస్తే అదీ వేసుకోమని చెబితే చాలు.

మరి ఆ కొండ ఎక్కి అడిగేది ఎవరు? ఆ ఊరి ఆడవాళ్ళే. నేపాల్‌లో 1988 నుంచి ఊరూరా మహిళా ఆరోగ్య సేవికలు ఉన్నారు. సుమారు 50 వేల మంది. మొదట్లో చేరినవాళ్ళలో చాలామందికి చదువు రాదు. బొమ్మల పుస్తకాలు చూసి పని నేర్చుకున్నారు. వాళ్ళకు నెలజీతం లేదు, కొద్దిగా భత్యం ఇస్తారు. ఇంత పని చేయించుకుని జీతం ఇవ్వకపోవడం న్యాయం కాదు, అది వేరే సంగతి.

చిత్వన్ జిల్లాలో ఈ సేవికల చేతికి ఒక పద్ధతి ఇచ్చారు. ఒక మనిషి బొమ్మలు ఉంటాయి. ఆ మనిషి కథ నాలుగు మాటల్లో ఉంటుంది. నిద్ర లేదు, పని మీద ధ్యాస లేదు, ఎవరితోనూ మాట్లాడడు. రోగం పేరు పైకి చెప్పరు. ఊళ్ళో ఇలాంటివాళ్ళు కనబడితే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళమని నచ్చజెబుతారు. తర్వాత పరీక్షించి చూస్తే ప్రతి 100 మందిలో 64 మంది విషయంలో సేవికల అంచనా సరిపోయింది. పెద్ద చదువు లేని ఆడవాళ్ళకు ఇది తక్కువ పనా?

భూకంపం తర్వాత దెబ్బతిన్న జిల్లాలలో చిన్న ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి కూడా శిక్షణ ఇచ్చారు. మనసుకు దెబ్బ తగిలినవాళ్ళతో ఎలా మెలగాలో అందులో నేర్పుతారు. మనకూ పనికి వచ్చే సంగతులే. ముందు తిండి, నీళ్ళు, పడుకోవడానికి చోటు చూడాలి. పక్కన కూర్చోవాలి. చెబితే వినాలి. "ఏం జరిగింది, చెప్పు చెప్పు" అని గుచ్చి అడగకూడదు. "ఏడవకు, అంతా మరిచిపో" అనకూడదు. బిడ్డను ఏ తల్లి మరిచిపోతుంది?

చాలామందికి కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. కొందరికి తగ్గదు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకపోతే, ఇంటి పని కూడా చేసుకోలేకపోతే ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి. "బతకాలని లేదు" అంటే అది ఊరికే అన్న మాట అనుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడగవచ్చు. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగినవాళ్ళు ఉన్నారని ఆమెకు తెలుస్తుంది. ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదలకూడదు.

మన దేశంలో 2022 అక్టోబరు నుంచి ఇందుకు ఒక ఫోను నంబరు ఉంది. పేరు టెలీ మానస్. డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో క్యాలెండరు మీద పెద్ద అంకెలతో రాసి పెట్టుకోండి: 14416.