రెక్కలాడించడం వేరు, ఎగిరి రావడం వేరు



జర్మనీలో శాస్త్రజ్ఞుడు బ్యూటెనాండ్ట్ బృందం దాదాపు ఇరవై ఏళ్లు శ్రమించి, 5 లక్షల ఆడ పట్టుచిలకల గ్రంథుల నుంచి మగచిలకలను రప్పించే వాసన పదార్థమైన బాంబికాల్‌ను రాబట్టి 1959లో ప్రకటించింది. అంత సూక్ష్మమైన పదార్థం ఏ సీసాలో ఉందో వాళ్లకు చెప్పింది మగచిలకే. సారంలో ముంచిన గాజుకడ్డీ దగ్గర పెడితే అది రెక్కలు టపటపలాడించేది.

మన పత్తి రైతును ఏడిపిస్తున్న గులాబీరంగు పురుగు విషయంలో ప్రయోగశాల అంత నమ్మకంగా దారి చూపలేదు. దాని ఆకర్షక పదార్థం ఇదేనంటూ 1966లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రొపైల్యూర్‌ను ప్రకటించారు. చేలో పెడితే మగపురుగులు రాలేదు. అసలైన గాసిప్లూర్ 1973లో గానీ తేలలేదు. అది ఒక్క పదార్థం కాదు, ఇంచుమించు సమపాళ్లలో కలిసిన రెండు రూపాలు. డబ్బాలోని పురుగు రెక్కలాడిస్తే అక్కడికి పరీక్ష అయిపోతుంది. చేలో మాత్రం అది చీకట్లో గాలికి ఎదురెగిరి, వాసన పుట్టినచోటు దాకా రావాలి.

చదువుకునే రోజుల్లో నేను బుట్టల్లో పొగాకు లద్దెపురుగు లింగాకర్షక ఎరలు మార్చిన చేత్తోనే గులాబీరంగు పురుగు ఎరలూ పెట్టాను. ఒకదాని వాసన మరొకదానికి అంటుకుని, ఆ పంటకాలం లెక్కలన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

తెల్లవారుజామున మంచుకు తడిసిన లింగాకర్షక బుట్ట సంచి ముడి విప్పి చూడండి. అరచేతిలో పడ్డ చిన్న గోధుమరంగు రెక్కలపురుగుల పొలుసులు వేళ్లకు పొడిలా అంటుకుంటాయి. బుట్టకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడితే రైతు మందు కొట్టే ఆలోచన చేయాలి. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూలు కనబడేసరికే పురుగు లోపల ఉంటుంది. కాయలోకి దూరాక ఏ మందూ దాన్ని చేరదు. అందుకే ఆ ఎనిమిది అంకె మీద ఒక కుటుంబం ఏడాది తిండి ఆధారపడి ఉంటుంది.

పట్టాలు అందుకుంటున్న కీటకశాస్త్ర విద్యార్థులారా, మీలో చాలామంది ఇక పొలాలకే వెళ్తారు. ఒక్క పురుగూ పడని రాత్రుల్ని కూడా తేదీతో సహా రాసిపెట్టండి. ఎర పని చేయకపోతే చేయలేదనే ప్రకటించండి. రైతు దాన్ని డబ్బు పెట్టి కొనకముందే ఆ మాట మీ నోట రావాలి.