తెలియడం, కాదనగలగడం: హెచ్‌ఐవీ నివారణలో సోనాగాచి పాఠం

అంటువ్యాధుల నివారణ ప్రస్తావనలో ‘అవగాహన’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ అవగాహనను ఆచరణలో పెట్టడానికి కావలసిన బలం పేదలకు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. హెచ్‌ఐవీ విషయంలో ఈ ప్రశ్నకు మన దేశంలో దొరికిన స్పష్టమైన సమాధానాల్లో ఒకటి కోల్‌కతాలోని సెక్స్ వర్కర్ల వాడ సోనాగాచిది.

శరీరంలోని రోగనిరోధక శక్తిని క్రమంగా హరించే వైరస్‌ను హెచ్‌ఐవీ అని, చికిత్స అందక ఆ శక్తి బాగా క్షీణించి మామూలు జబ్బులు సైతం ప్రాణం మీదికి తెచ్చే దశను ఎయిడ్స్ అని అంటారు. 1986లో డాక్టర్ సునీతి సోలోమన్ ఆధ్వర్యంలో చెన్నైలో సేకరించిన సెక్స్ వర్కర్ల రక్త నమూనాల్లో ఈ వైరస్ మన దేశంలో తొలిసారిగా బయటపడింది. విటుల ద్వారా వ్యాధి సోకే ప్రమాదంలో ఉన్న ఆ స్త్రీలనే వ్యాధికి మూలంగా చూసే ధోరణి దానితో మరింత బలపడింది.

1992లో సోనాగాచిలో పని ప్రారంభించిన ప్రజారోగ్య వైద్యుడు స్మరజిత్ జానా ఆ ధోరణిని తిరగవేసి, గౌరవం, గుర్తింపు, ఆ స్త్రీలపైనే ఆధారపడటం అన్న మూడు సూత్రాలను పునాదిగా తీసుకున్నారు. అక్కడి స్త్రీలే శిక్షణ పొంది, ఆకుపచ్చ కోటు తొడుక్కుని, బొమ్మల చార్టులతో ఇల్లిల్లూ తిరిగి సుఖవ్యాధుల గురించీ కండోమ్ గురించీ చెప్పేవారు. ఇలా అదే బతుకు బతుకుతున్న మనిషి తోటివారికి బోధించే పద్ధతిలో పనిచేసేవారిని పీర్ ఎడ్యుకేటర్లు అంటారు.

అయితే చెప్పినంత మాత్రాన పని జరగదు. కండోమ్ లేనిదే కుదరదన్న స్త్రీని వదిలి విటుడు పక్క గుమ్మం తొక్కితే ఆ పూట ఆమెకు రాబడి ఉండదు, గది అద్దె, వడ్డీ మాత్రం ఆగవు. ప్రతి గుమ్మంలోనూ అదే మాట వినిపించినప్పుడే ఆమె మాట నిలుస్తుంది. ఈ ఐక్యత అవసరం నుంచే 1995లో దర్బార్ మహిళా సమన్వయ కమిటీ ఏర్పడింది. వడ్డీ వ్యాపారుల పట్టు నుంచి బయటపడటానికి వారే ‘ఉషా’ సహకార సంఘాన్ని స్థాపించుకున్నారు; సభ్యులకు సత్ప్రవర్తన ఉండాలన్న నిబంధన రిజిస్ట్రేషన్‌కు అడ్డురాగా, దానిని తొలగించేదాకా పట్టు విడువలేదు. తొలి సర్వేలో మూడు శాతానికి లోపు ఉన్న కండోమ్ వాడకం ఆ దశాబ్దంలోనే ఎన్నో రెట్లు పెరిగింది.

2003లో మొదలైన ‘ఆవాహన్’ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమానికి ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి కావడంతో, ఈ తరహా పని తెలుగు నేల మీద కూడా విస్తరించింది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం ప్రారంభించిన ఏఆర్‌టీ మందులు, అంటే వైరస్ పెరుగుదలను అణచి ఉంచే మందులు, క్రమం తప్పక వాడి రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిన స్థితిని నిలుపుకున్నవారి నుంచి లైంగిక సంపర్కం ద్వారా ఇతరులకు హెచ్‌ఐవీ సోకదు. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం పరీక్షకు సమ్మతిని, వివరాల గోప్యతను తప్పనిసరి చేసి, వివక్షను నిషేధించింది. అయినా గుట్టు బయటపడుతుందన్న భయం ఉన్నచోట పరీక్షా కేంద్రం గడప దాటించేది తోటి మనిషి తోడే.

పంచిన కండోమ్‌ల లెక్క రిజిస్టరులో తేలికగా చేరుతుంది. కాదన్నందుకు బేరం పోగొట్టుకున్న స్త్రీకి ఆ రాత్రి అధిక వడ్డీ లేకుండా అప్పు పుట్టే చోటు ఉందా అన్న లెక్కను కూడా ఆ పక్కనే రాయగలిగినప్పుడే ఆ రిజిస్టరు నివారణకు సంబంధించినదవుతుంది.